పది రోజుల తర్వాత మొలిచే భయం

ప్రాణాపాయం నుంచి బయటపడిన మనిషి మనసులో రెండు విరుద్ధమైన మార్పులు పక్కపక్కనే జరగడాన్ని మనోవైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నారు. రోడ్డు ప్రమాదం, వరద, యుద్ధం, లైంగిక దాడి వంటి ఘోరాలను అనుభవించినవారిలో కొందరు జరిగినదాన్ని వరుసగా చెప్పలేకపోతారు. ఏది ముందు, ఏది వెనుక, ఆ సమయంలో అక్కడ ఎవరెవరున్నారు అన్న వివరాలు చెదిరిపోతాయి. అదే మనిషిలో ఆనాటి భయం మాత్రం తగ్గదు సరికదా, రోజులు గడిచేకొద్దీ ముదురుతుంది. తలుపు గట్టిగా పడిన చప్పుడుకే గుండె దడదడలాడుతుంది, నిద్ర పట్టదు, పట్టినా పీడకలలు వదలవు. ఇందులో మరో చిక్కు ఉంది. ఈ బాధ అందరిలోనూ ఆ మరునాడే మొదలుకాదు. కొందరు వారాలపాటు, ఒక్కొక్కప్పుడు నెలలపాటు మామూలుగానే తిరిగి, అంతా సర్దుకుందని ఇంటివారు ఊపిరి పీల్చుకున్నాక కుంగిపోతారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో ఈ స్థితి పీటీఎస్‌డీ అన్న పేరుతో తొలిసారి చోటుచేసుకుంది. తీవ్రమైన ఆఘాతం తరువాత తలెత్తే ఒత్తిడి రుగ్మత అని దాని అర్థం.

జ్ఞాపకం సన్నగిల్లేచోట భయం ఎందుకు బలపడుతుంది, అలా బలపడడానికి అంత వ్యవధి ఎందుకు పడుతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు రోగిని అడిగి తెలుసుకోగలిగేది కాదు. బతికున్న మనిషి మెదడు లోతుల్లో ఒక్కొక్క కణం ఆకారాన్ని చూపగల స్కానింగు ఆసుపత్రుల్లో లేదు; ఎవరికి ఎప్పుడు ఆఘాతం తగులుతుందో ముందుగా తెలియదు కాబట్టి, అంతకుముందు ఆ మెదడు ఎలా ఉండేదో చెప్పే ఆధారమూ సాధారణంగా దొరకదు. పరిశోధకులు జంతువులను ఆశ్రయించడానికి కారణం ఇదే. బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో, అంటే ఎన్‌సీబీఎస్‌లో, సుమంత్ర చటర్జీ, ఆయన సహచరులు 2000 తరువాతి రెండు దశాబ్దాల్లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ఈ రెండు ప్రశ్నలనూ ఒకే చోట పెట్టి పరిశీలించాయి. ఆ ప్రయోగాలు రాబట్టిన ఫలితాలు ఎంత ముఖ్యమో, ప్రశ్నను కుదించుకున్న తీరు కూడా అంతే ముఖ్యం.

ఎలుకను ఏమని అడగాలి

ఎలుకకు పీటీఎస్‌డీ వచ్చిందని ఎవరూ అనలేరు. మనోరోగ నిర్ధారణ చాలావరకు రోగి చెప్పే మాట మీద ఆధారపడి ఉంటుంది. అపరాధభావం, నిరాశ, పీడకల, జీవితం మీద విరక్తి వంటివి మాట ద్వారానే బయటికి వస్తాయి. ఎలుకకు మాట లేదు. అది ఎటు నడిచింది, ఎంతసేపు ఆగింది, ఎక్కడికి వెళ్లడానికి జంకింది, ఏమి తింది, ఏ శబ్దానికి బిగుసుకుపోయింది అన్నవే కొలవగలిగినవి. ఈ కొలతల నుంచి మనోరోగం దాకా వెళ్లే దారిలో జారిపోవడం చాలా సులభం.

అలా జారిన సందర్భాలు ఈ శాస్త్రంలో ఉన్నాయి. 1977లో రోజర్ పోర్సోల్ట్ ప్రవేశపెట్టిన ఈత పరీక్షలో ఎలుకను బయటికి రాలేని నీటి పాత్రలో వదులుతారు. అది కొంతసేపు ఈదులాడి, తరువాత కదలకుండా తేలుతుంది. కుంగుబాటు మందులు ఇచ్చిన ఎలుక ఎక్కువసేపు ఈదుతుంది కాబట్టి, కదలకుండా తేలడమే నిరాశ అన్న వ్యాఖ్యానం స్థిరపడి, దశాబ్దాలపాటు కొత్త మందులను వడపోయడానికి ఆ పరీక్షే వాడుకలో ఉండిపోయింది. అయితే మనుషుల్లో ఆ మందులు పూర్తిగా పనిచేయడానికి వారాలు పడుతుంది, ఈ పరీక్షలో ఎలుక ఒక్క రోజులోనే స్పందిస్తుంది. పైగా తప్పించుకునే దారి లేదని గ్రహించిన జంతువు కదలకుండా ఉండి శక్తిని ఆదా చేసుకోవడం నిరాశ కాక తెలివైన సర్దుబాటు కూడా కావచ్చు. మందులను వడపోసే సాధనంగా దానికి కొంత ఉపయోగం ఉంది కానీ, కుంగుబాటును అర్థం చేసుకునే సాధనంగా మాత్రం అది దారి తప్పించిందనే చెప్పాలి.

వివరణ: జంతు నమూనాకు మూడు పరీక్షలు

ఒక జంతువులో సృష్టించిన స్థితి మానవ రోగానికి ఎంతవరకు ప్రతినిధి కాగలదో నిర్ణయించడానికి బ్రిటిష్ మనోవైజ్ఞానికుడు పాల్ విల్నర్ 1984లో మూడు ప్రమాణాలను ప్రతిపాదించారు. మొదటిది లక్షణాల పోలిక: రోగిలో కనిపించే ప్రవర్తన జంతువులోనూ కనిపిస్తున్నదా? రెండోది చికిత్సలో పోలిక: రోగికి పనిచేసే మందు జంతువుకూ పనిచేస్తున్నదా, పనిచేయనిది దానికీ పనిచేయడం లేదా? మూడోది మూలంలో పోలిక: రోగానికి దారితీసే కారణమే జంతువులోనూ ఆ మార్పుకు దారితీస్తున్నదా? జన్యువుల వైపు నుంచి వచ్చిన ఒక ఉదాహరణ 2007 నాటిది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో గోపింగ్ ఫెంగ్ బృందం శాప్యాప్-3 అనే ఒకే ఒక్క జన్యువును తొలగించిన చుంచెలుకలు ముఖం మీద పుండ్లు పడేదాకా తమను తాము గోక్కుంటూ, దువ్వుకుంటూ ఉండడాన్ని చూసింది. అబ్సెసివ్ కంపల్సివ్ రుగ్మత, అంటే ఓసీడీ, ఉన్నవారు చేసిన పనినే మళ్లీమళ్లీ చేయడాన్ని ఇది తలపిస్తుంది. ఆ రోగులకు ఇచ్చే ఫ్లూయాక్సెటిన్ మందు ఈ చుంచెలుకల ప్రవర్తననూ తగ్గించింది. స్ట్రయేటమ్ అనే మెదడు భాగంలో ఆ జన్యువును తిరిగి చేర్చినప్పుడు పుండ్లు తగ్గాయి. అయినా ఆ చుంచెలుకకు ఓసీడీ ఉందని ఫెంగ్ బృందం చెప్పలేదు. ఒక మెదడు మార్గానికీ ఒక ప్రవర్తనకూ ఉన్న సంబంధాన్ని మాత్రం నిరూపించింది.

ఒత్తిడి పరిశోధనకు ఇక్కడ ఒక సహజమైన అనుకూలత ఉంది. కుంగుబాటుకో స్కిజోఫ్రీనియాకో కారణం ఫలానా అని వేలు పెట్టి చూపడం కష్టం; పీటీఎస్‌డీకి మాత్రం కారణం దాని నిర్వచనంలోనే ఉంది. ఆఘాతం లేకుండా ఆ రుగ్మత లేదు. కాబట్టి ఎలుకకు తప్పించుకోలేని ఒత్తిడిని ఒక నిర్దిష్టమైన రోజున, నిర్దిష్టమైన వ్యవధిపాటు కలిగించి, ఆపైన ఏ రోజున మెదడులో ఏ మార్పు వచ్చిందో లెక్కపెట్టే వీలు పరిశోధకుడికి చిక్కుతుంది.

హార్మోను మెదడును చేరే చోటు

ఒత్తిడి అన్న మాటకు శరీరశాస్త్రంలో స్థానం కల్పించినది హాన్స్ సెల్యే. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఎలుకలను చలి, గాయం, విషపదార్థాలు వంటి భిన్నమైన బాధలకు గురిచేసినా వాటి శరీరాల్లో ఒకే తీరు మార్పులు వస్తున్నాయని ఆయన 1936లో ప్రకటించారు. వాటిలో ఒకటి మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు పెరగడం. ఆపద ఎదురైనప్పుడు మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్ ఒక రసాయన సంకేతాన్ని పంపుతుంది, దాన్ని అందుకున్న పిట్యూటరీ గ్రంథి మరో సంకేతాన్ని రక్తంలోకి వదులుతుంది, అది అధివృక్క గ్రంథులను చేరగానే అవి ఒత్తిడి హార్మోనును విడుదల చేస్తాయి. మనిషిలో ఆ హార్మోను కార్టిసాల్. ఎలుకలో దాని స్థానంలో కార్టికోస్టిరాన్ ఉంటుంది. ఇది రక్తంలో చక్కెరను పెంచి, పారిపోవడానికో పోరాడడానికో కావలసిన శక్తిని సమకూరుస్తుంది.

ఈ హార్మోను కండరాలకు, కాలేయానికి మాత్రమే సంబంధించినది కాదని, అది తిరిగి మెదడును కూడా తాకుతుందని తేల్చినది న్యూయార్క్ రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ మెక్‌యువెన్. రేడియోధార్మికత కలిగిన కార్టికోస్టిరాన్‌ను ఎలుకలకు ఎక్కించి, అది మెదడులో ఎక్కడ నిలుస్తున్నదో చూసినప్పుడు, అన్నిటికన్నా ఎక్కువగా హిప్పోక్యాంపస్‌లో నిలిచిందని ఆయన బృందం 1968లో ప్రచురించింది. హిప్పోక్యాంపస్ జ్ఞాపకాల నమోదుకు కీలకమైన భాగం. ఎప్పుడు, ఎక్కడ, ఏ వరుసలో అన్న సందర్భాన్ని కూర్చేది అదే. ఒత్తిడి హార్మోను ఎక్కువైందని గుర్తించి, ఇక చాలు అని హైపోథాలమస్‌ను అదుపు చేయడంలోనూ దానికి పాత్ర ఉంది.

1990లలో మెక్‌యువెన్ ప్రయోగశాల మరో అడుగు ముందుకు వేసింది. రోజుకు 6 గంటల చొప్పున 21 రోజులు కదలకుండా నిర్బంధించిన ఎలుకల్లో హిప్పోక్యాంపస్ నాడీకణాల కొమ్మలు కురచబడ్డాయని 1992లో తేలింది. నాడీకణానికి ఇతర కణాల నుంచి సంకేతాలు వచ్చేది ఈ కొమ్మల ద్వారానే. వీటినే డెండ్రైట్లు అంటారు. కొమ్మలు తగ్గితే అందుకునే సంకేతాలూ తగ్గుతాయి, జ్ఞాపకం దెబ్బతింటుంది. ఒత్తిడిలో మతిమరుపు ఎందుకు వస్తుందో దీనితో కొంత అర్థమైంది. ఎదిగిన మెదడులో కణాల ఆకారం స్థిరంగా ఉంటుందన్న పాత నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ కాబట్టి, ఆ దశాబ్దమంతా పరిశోధకుల దృష్టి హిప్పోక్యాంపస్ మీదనే నిలిచిపోయింది.

అదే మెదడులో మరోవైపు

భౌతికశాస్త్రం చదివి నాడీశాస్త్రంలోకి వచ్చిన చటర్జీ 1999లో ఎన్‌సీబీఎస్‌లో చేరారు. ఆయన వేసుకున్న ప్రశ్న చాలా సూటిగా ఉంది: హిప్పోక్యాంపస్ క్షీణించడం జ్ఞాపకం తగ్గడాన్ని వివరిస్తుంది గానీ, భయం పెరగడాన్ని ఎలా వివరిస్తుంది? భయానికి కేంద్రం అమిగ్డలా. కణతల వెనుక లోపలి భాగంలో, హిప్పోక్యాంపస్‌కు ముందు అంచున, బాదంపప్పంత పరిమాణంలో కుడి ఎడమల్లో ఒక్కొక్కటిగా ఉండే ఈ కణసముదాయం ఏది ప్రమాదకరమో నేర్చుకుని, గుండె వేగాన్ని, కండరాల బిగువును, హార్మోనుల విడుదలను పురికొల్పుతుంది. ఒకే ఒత్తిడి, ఒకే రక్తంలో ప్రవహించే ఒకే హార్మోను అమిగ్డలాలోనూ కొమ్మలను కత్తిరిస్తే భయం తగ్గాలి. అలా జరగడం లేదు కాబట్టి అక్కడ ఇంకేదో జరుగుతూ ఉండాలి.

అజయ్ వ్యాస్, రూప్షి మిత్ర, జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ నిమ్హాన్స్‌కు చెందిన బి.ఎస్. శంకరనారాయణరావులతో కలిసి చటర్జీ చేసిన ఆ ప్రయోగం 2002లో జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్‌లో వెలువడింది. ఎదిగిన మగ ఎలుకలను రోజుకు 2 గంటలు, వరుసగా 10 రోజులు, ఒళ్లు కదల్చడానికి వీలులేని సంచిలో ఉంచారు. ఆ 2 గంటలూ తిండి, నీరు ఉండవు. దెబ్బ తగలదు, విద్యుత్ షాకు ఉండదు. తప్పించుకోలేకపోవడమే ఆ ఒత్తిడి. గడువు ముగిశాక వాటి ఆందోళనను కొలిచి, మెదడు కణాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు.

ఆందోళనను కొలిచే పద్ధతి ఎలుక స్వభావం నుంచే పుట్టింది. నేలకు అర మీటరు ఎత్తున కూడిక గుర్తు ఆకారంలో నాలుగు బాటలు ఉంటాయి. ఎదురెదురుగా ఉన్న రెండు బాటలకు ఎత్తయిన గోడలు, మిగిలిన రెండింటికి ఏ అడ్డూ ఉండదు. ఎలుకకు కొత్త చోటును వెతికిచూడాలన్న తహతహా ఉంటుంది, బయలులో పడితే గద్దకో పిల్లికో చిక్కుతానన్న భయమూ ఉంటుంది. మామూలు ఎలుక గోడల చాటున కొంతసేపు గడిపి, మూతి బయటికి చాచి, ముందు కాళ్లు పెట్టి, మళ్లీ వెనక్కి తగ్గి, చివరికి తెరిచిన బాట మీదికి వస్తుంది. 5 నిమిషాల్లో అది ఎన్నిసార్లు, ఎంతసేపు అలా బయటికి వచ్చిందన్నదే లెక్క. నిర్బంధానికి గురైన ఎలుకలు బయటికి రావడం బాగా తగ్గించాయి.

కణాల్లో కనిపించినది అంతకన్నా ఆసక్తికరం. హిప్పోక్యాంపస్‌లో, పూర్వ పరిశోధనల్లో లాగే, కొమ్మలు కురచబడ్డాయి. అదే ఎలుకల అమిగ్డలాలో మాత్రం కొమ్మలు పెరిగాయి. ఒకచోట సంకేతాలు అందుకునే శక్తి తగ్గుతుండగా, దాని పక్కనే ఉన్న మరోచోట అది ఎక్కువవుతున్నది. హిప్పోక్యాంపస్ హార్మోను విడుదలను అదుపు చేసేది, అమిగ్డలా దాన్ని ఎగదోసేది కాబట్టి, ఈ రెండు మార్పులూ ఒకదానికొకటి తోడై ఒత్తిడి వ్యవస్థను మరింత సులభంగా రేగేలా చేస్తాయి. ఆ అధ్యయనంలోనే మరో గుంపు ఎలుకలకు రోజుకో రకంగా మారే ఒత్తిడులు కల్పించినప్పుడు అమిగ్డలాలో ఇలాంటి పెరుగుదల రాలేదు. ఒత్తిడి అని ఒకే మాటతో పిలిచేవన్నీ మెదడుకు ఒకటి కావని ఇది హెచ్చరిస్తున్నది. ఈ విషయాన్ని తరువాతి చర్చల్లో చాలామంది తగినంతగా పట్టించుకోలేదు.

వివరణ: ఒక కణాన్ని చూడడం ఎలా

మెదడును పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే కణాలన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఏదీ విడిగా కనిపించదు. 1873లో ఇటలీ వైద్యుడు కమిల్లో గోల్జీ కనిపెట్టిన పద్ధతి దీనికి పరిష్కారం. మెదడు ముక్కను పొటాషియం డైక్రోమేట్‌లో నానబెట్టి, తరువాత సిల్వర్ నైట్రేట్‌లో ఉంచితే, నూటికి ఏ కొన్నో కణాలు మాత్రమే, అయితే కొమ్మల చివరలదాకా పూర్తిగా, నల్లబడతాయి. మిగిలినవి పారదర్శకంగా ఉండిపోతాయి కాబట్టి నల్లబడిన కణం స్పష్టంగా నిలుస్తుంది. దాని చిత్రాన్ని గీసి, కణం నడిబొడ్డు చుట్టూ సమాన దూరాల్లో వలయాలు వేసి, ఒక్కొక్క వలయాన్ని ఎన్ని కొమ్మలు దాటుతున్నాయో లెక్కిస్తారు. ఇంకా పెద్దది చేసి చూస్తే కొమ్మల పొడవునా మిల్లీమీటరులో వెయ్యో వంతు పరిమాణం ఉన్న సన్నని ముళ్లు కనిపిస్తాయి. వీటిలో చాలావాటి కొనల మీద మరో కణం వచ్చి కలుస్తుంది. ఆ కలయికనే సినాప్స్ అంటారు. అందువల్ల ముళ్లను లెక్కించడం అంటే దాదాపుగా ఆ కణానికి వచ్చే అనుసంధానాలను లెక్కించడమే. గోల్జీకి 1906 నోబెల్ బహుమతి దక్కింది. ఆయన పద్ధతితోనే మెదడు విడివిడి కణాల నిర్మాణమని చాటిన స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రమోన్ ఇ కహాల్ దాన్ని ఆయనతో పంచుకున్నారు.

కోలుకునేది ఒకటి, కోలుకోనిది మరొకటి

ఒత్తిడి తొలగాక ఏమవుతుందన్నది సహజంగా వచ్చే తరువాతి ప్రశ్న. 10 రోజుల నిర్బంధం ముగిసిన ఎలుకలను 21 రోజులపాటు ఏ బాధా లేకుండా వదిలేసి చూసినప్పుడు, హిప్పోక్యాంపస్‌లో కురచబడిన కొమ్మలు తిరిగి పూర్వస్థితికి వచ్చాయి, అమిగ్డలాలో పెరిగిన కొమ్మలు మాత్రం అలాగే ఉండిపోయాయి, ఎలుకల ఆందోళన కూడా తగ్గలేదు. 2004లో ప్రచురితమైన ఈ ఫలితం మనోవైద్యులు రోజూ చూసే ఒక నిజానికి కణస్థాయిలో రూపం ఇచ్చింది: కష్టం తీరిపోయినంత మాత్రాన భయం తీరిపోదు.

ఒకే హార్మోనుకు రెండు భాగాలు ఇలా ఎదురెదురుగా ఎందుకు స్పందిస్తాయన్నదానికి ఒక ఆధారం బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీను నుంచి దొరికింది. నాడీకణాలు బతకడానికి, కొమ్మలు వేయడానికి తోడ్పడే ఈ ప్రోటీను దీర్ఘకాల ఒత్తిడి తరువాత హిప్పోక్యాంపస్‌లో తగ్గి, అమిగ్డలాలో పెరిగిందని చటర్జీ బృందం 2012లో చూపింది. కొమ్మల తీరూ ప్రోటీను తీరూ ఒకే దిశలో నడుస్తున్నాయి. అయితే ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఈ ఒక్క కొలతతో తేలే విషయం కాదు.

రెండు గంటలు, ఆ తరువాత నిశ్శబ్దం

పీటీఎస్‌డీకి దారితీసే ఆఘాతం చాలాసార్లు ఒక్కటే, కొద్దిసేపే. అందుకే 2005లో వెలువడిన ప్రయోగం ఈ మొత్తం పరిశోధనలో కీలకమైనదిగా నిలుస్తుంది. ఇందులో ఎలుకలను ఒక్కసారి, కేవలం 2 గంటలు నిర్బంధించారు. మరునాడు చూస్తే అమిగ్డలా కణాల కొమ్మల మీది ముళ్ల సంఖ్యలో మార్పు లేదు. ఆ ఎలుకలను అలాగే వదిలేసి 10 రోజుల తరువాత చూస్తే ముళ్లు గణనీయంగా పెరిగి ఉన్నాయి. ఎలుకలు తెరిచిన బాటల మీదికి రావడానికీ జంకుతున్నాయి. ఈ 10 రోజుల్లో వాటికి మళ్లీ ఏ ఒత్తిడీ కలిగించలేదు. కొమ్మల పొడవులో తేడా రాలేదు, ఉన్న కొమ్మల మీదనే కొత్త అనుసంధానాలు ఏర్పడ్డాయి. ఒక్క వాన కురిసిన మరునాడు చేనులో ఏ మార్పూ కనిపించకపోయినా, వారం పది రోజులకు కలుపు తలెత్తినట్టు, ఆ 2 గంటల్లో పడిన బీజం ఎవరూ చూడని రోజుల్లో మొలకెత్తుతున్నది.

బీజం పడే క్షణాన్ని గుర్తించడం తరువాతి పని. నాడీకణాల మీద ఎన్‌ఎండీఏ గ్రాహకాలు అనే ప్రోటీను ద్వారాలు ఉంటాయి. రెండు కణాలు ఒకేసారి బలంగా స్పందించినప్పుడు ఇవి తెరుచుకుని, కాల్షియాన్ని లోపలికి రానిచ్చి, ఆ అనుసంధానాన్ని బలపరచే పనికి శ్రీకారం చుడతాయి. ఏదైనా నేర్చుకోవడంలో జరిగేదీ ఇదే. ఒత్తిడి సమయంలో అమిగ్డలాలో ఈ ద్వారాలను మందుతో మూసివేస్తే, 10 రోజుల తరువాత రావలసిన బలోపేతం రాలేదని 2016లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. అంటే ఆలస్యంగా కనిపించే ఆ మార్పుకు మూలం ఆ 2 గంటల్లోనే ఉంది. భయం ముదరడం మెదడు చెడిపోవడం కాదు, మెదడు తనకు తెలిసిన నేర్చుకునే పద్ధతినే అవసరానికి మించి, అవసరం తీరిపోయాక కూడా వాడడం. పీటీఎస్‌డీతో బాధపడేవారిని పిరికివారిగా, మనోబలం లేనివారిగా చూసే అలవాటు ఇంకా పోని సమాజంలో ఈ సంగతికి ప్రయోగశాల గోడలు దాటిన విలువ ఉంది.

హార్మోను శత్రువేనా

ఒత్తిడి హార్మోను ఎంత తక్కువగా ఉంటే అంత మేలన్న అభిప్రాయం లోకంలో బలంగా ఉంది. వైద్యులు గమనించినదాంట్లో మాత్రం ఒక వింత కనిపిస్తుంది. నాజీ మారణహోమం నుంచి బయటపడి పీటీఎస్‌డీతో బాధపడుతున్నవారిలో కార్టిసాల్ తక్కువగా ఉందని రేచల్ యెహుదా బృందం 1990లలో నివేదించింది. జర్మనీలో గుస్టావ్ షెల్లింగ్ బృందం, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌తో రక్తపోటు పడిపోయి ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న రోగుల్లో హైడ్రోకార్టిసోన్, అంటే మందు రూపంలోని కార్టిసాల్, అందినవారికి ఆ తరువాత పీటీఎస్‌డీ లక్షణాలు తక్కువగా వచ్చాయని చిన్న పరీక్షల్లో చూసింది. ఆ మందును ఇచ్చినది రక్తపోటు నిలపడానికి. మనసుకు కలిగిన మేలు అనుకోకుండా బయటపడినది.

బెంగళూరు ఎలుకల నమూనా ఈ వింతను పరీక్షించడానికి సరిగ్గా సరిపోయింది. ఒక్కసారి 2 గంటల నిర్బంధానికి ముందే తాగేనీటిలో కార్టికోస్టిరాన్ కలిపి ఇచ్చిన ఎలుకల్లో, 10 రోజుల తరువాత ముళ్లూ పెరగలేదు, ఆందోళనా పెరగలేదు. 2012లో వచ్చిన ఈ ఫలితంతో వైద్యానికి నేరుగా ఉపయోగం తక్కువ, ఎందుకంటే ప్రమాదం రాబోతున్నదని ముందుగా తెలిసి మందు వేసుకునేవారు ఉండరు. 2020లో చటర్జీ, మెక్‌యువెన్ తదితరులు ప్రచురించిన అధ్యయనం ఆ లోటును కొంత పూడ్చింది: ఒత్తిడి ముగిసిన తరువాత హార్మోనును నీటిలో ఇచ్చినా, ఆలస్యంగా రావలసిన మార్పులు ఆగిపోయాయి. బీజం పడ్డాక కూడా మొలక రాకుండా ఆపగల వ్యవధి ఒకటి ఉందని దీని భావం.

దీనికి పూర్తిగా ఎదురుగా కనిపించే ఫలితం కూడా ఉంది. బెంగళూరు నుంచి స్టాన్‌ఫర్డ్‌లోని రాబర్ట్ సపోల్స్కీ ప్రయోగశాలకు వెళ్లిన రూప్షి మిత్ర, ఏ ఒత్తిడీ లేని ఎలుకలకు ఒక్కసారి పెద్ద మోతాదులో కార్టికోస్టిరాన్ ఇస్తే చాలు, 12 రోజుల తరువాత అమిగ్డలా కొమ్మలు పెరిగి, ఆందోళన కలుగుతుందని 2008లో చూపారు. ఒకే పదార్థం ఒకచోట రక్షిస్తున్నది, మరోచోట, అది ఏ హాని నుంచి రక్షించిందో ఆ హానినే కలిగిస్తున్నది. మోతాదు, సమయం, ఆ క్షణంలో జంతువు ఉన్న స్థితి, ఈ మూడింటిని బట్టి ఫలితం తలకిందులవుతున్నప్పుడు, హార్మోను మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థమే ఉండదు. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చదవడం అవసరం. మొదటిదాన్ని మాత్రమే చదివినవారు తొందరపడి మందు రాసే ప్రమాదం ఉంది.

ఎలుక దగ్గర ఆగవలసిన హద్దులు

మనుషుల్లో స్కానింగు చేసినప్పుడు పీటీఎస్‌డీ రోగుల్లో హిప్పోక్యాంపస్ చిన్నదిగా కనిపించడం, భయపెట్టే చిత్రాలకు అమిగ్డలా ఎక్కువగా స్పందించడం చాలా అధ్యయనాల్లో నమోదైంది. ఇది ఎలుకల ఫలితాలకు చక్కగా సరిపోతున్నట్టే ఉంటుంది. అయితే 2002లో మార్క్ గిల్బర్ట్‌సన్ బృందం వియత్నాం యుద్ధంలో పాల్గొన్న సైనికులను, యుద్ధానికి వెళ్లని వారి సమరూప కవలలను కలిపి పరిశీలించినప్పుడు, పీటీఎస్‌డీ వచ్చిన సైనికుడి కవల సోదరుడికి కూడా హిప్పోక్యాంపస్ చిన్నదిగానే ఉందని తేలింది. ఒత్తిడి వల్ల అది చిన్నదైందా, పుట్టుకతోనే చిన్నదిగా ఉన్నందువల్ల ఆ సైనికుడు రుగ్మతకు లోనయ్యాడా అన్న ప్రశ్న దీంతో తలెత్తింది. ఒత్తిడి కణాల ఆకారాన్ని మార్చగలదని ఎలుక నిరూపించింది. ఒక ఫలానా రోగిలో కనిపించిన తేడాకు ఒత్తిడే కారణమని అది నిరూపించలేదు. ఒకే ఘోరాన్ని అనుభవించినవారిలో అధికులు కాలక్రమంలో కోలుకుంటారు, కొందరే రుగ్మత పాలవుతారు. సగటు ఎలుకను సగటు ఎలుకతో పోల్చే ప్రయోగం ఈ తేడాను గురించి తక్కువే చెబుతుంది.

మరో పరిమితి మరింత ఇబ్బందికరమైనది. పైన చెప్పిన కీలక ప్రయోగాలు మగ ఎలుకల మీద జరిగాయి. ఆడ ఎలుకల్లో రుతుచక్రం ఫలితాలను గజిబిజి చేస్తుందన్న కారణంతో దశాబ్దాలపాటు ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలలు వాటిని పక్కన పెట్టాయి. పీటీఎస్‌డీ పురుషుల్లో కన్నా స్త్రీలలో సుమారు రెండు రెట్లు ఎక్కువ. ఎక్కువగా బాధపడేవారిని వదిలేసి, తక్కువగా బాధపడేవారి నమూనాతో ఇంతకాలం ముందుకు సాగడం ఈ శాస్త్రంలోని పెద్ద లోపం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2016 నుంచి తమ నిధులతో సాగే జంతు పరిశోధనల్లో లింగభేదాన్ని లెక్కలోకి తీసుకోవాలని నిర్దేశించాకే పరిస్థితి మారడం మొదలైంది.

ఇక జంతువు పడే బాధ. భారతదేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ నియమాలకు లోబడి, సంస్థలోని నైతిక సంఘం అనుమతించాకే ఇటువంటి ప్రయోగాలు సాగాలి. ఎన్ని జంతువులు అవసరమో, మరో మార్గం ఎందుకు లేదో ముందే చెప్పాలి. భయాన్ని అధ్యయనం చేయాలంటే భయాన్ని కలిగించక తప్పదు కాబట్టి ఈ రంగంలో ఆ బరువు మరీ ఎక్కువ. జవాబు ఎటూ తేలని అస్పష్టమైన ప్రశ్నకు ఒక్క ఎలుకను వాడినా అది ఎక్కువే. చటర్జీ బృందం అడిగినట్టు ఏ భాగంలో, ఏ కణంలో, ఎన్నో రోజున అని అడిగినప్పుడు మాత్రమే ఆ బాధకు బదులుగా దక్కే జ్ఞానాన్ని సమర్థించుకునే వీలుంటుంది.

ఎలుక 10 రోజులు మనిషిలో ఎన్ని రోజులకు సమానమో చెప్పే లెక్క లేదు. రెండు మూడేళ్లు బతికే జీవి కాలాన్ని గుణించి మనిషి కాలంగా మార్చడం కుదరదు. ఆఘాతం తరువాత తొలి గంటల్లోనే హైడ్రోకార్టిసోన్ ఇచ్చి చూసిన పరీక్షలు మనుషుల్లో జరిగాయి, కొన్ని ఆశాజనకంగానూ ఉన్నాయి, కానీ వాటిలో పాల్గొన్నవారి సంఖ్య తక్కువ, మోతాదులు, వ్యవధులు ఒకేలా లేవు. ప్రమాద బాధితుడు అత్యవసర విభాగానికి వచ్చినప్పుడు ఎముకల ఎక్స్‌రే తీసి, గాయాలు కుట్టి, మూడో రోజున స్థిమితంగా ఉన్నాడని ఇంటికి పంపించే పద్ధతిలో, మూడో వారంలోనో మూడో నెలలోనో అతన్ని మళ్లీ పిలిచి నిద్ర ఎలా పడుతున్నదని అడిగే ఏర్పాటు సాధారణంగా ఉండదు. ఆలస్యంగా మొలిచే భయాన్ని ఆపగల మందు ఏదైనా ముందుముందు నిలబడినా, దాన్ని ఎవరికి ఇవ్వాలో తెలియాలంటే మొదట కావలసినది అలా మళ్లీ పిలిచి అడిగి, ఆ జవాబులను తేదీల వారీగా నమోదు చేసే పనే.